గుమాస్తాగా తేలని దయ్యం

తెనాలి,
12-6-1967

చిరంజీవి శకుంతలకు,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము. నీ ఉత్తరం శుక్రవారం అందింది. నువ్వు చెప్పిన పని శనివారమే చేశాను. ఎలా చేశానో రాస్తే తప్ప నా అవస్థ నీకు తెలియదు. అందుకని ఆ ఉదయం సంగతి మొదటినుంచీ రాస్తున్నాను.

రోజూ లేచే వేళకే లేచాను. వాకిట కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టాను. నూతి దగ్గర స్నానం చేసి, గోడవార నందివర్ధనం పూలు కోసి, దీపం వెలిగించి, రామనామం రాసుకునే పుస్తకంలో ఒక పేజీ నింపాను. పాలావిడ వచ్చి గేదె తన్నిందని మోచెయ్యి చూపించింది. పసుపు అద్ది పంపాను. కాఫీ కలిపి మీ బావగారికి ఇచ్చాను. ఆయన పేపరు మడిచి, "ఇవాళ దొండకాయ తేకు" అన్నారు. సరేనన్నాను. సంచీ పట్టుకుని మార్కెట్టుకు వెళ్ళి వంకాయలూ చుక్కకూరా కొన్నాను. నా శనివారాలన్నీ ఇక్కడితో ముగిసి నేను ఇంటికి మళ్ళుతాను. ఈ శనివారం మాత్రం ఆ సంచీతోనే స్టేషను దారిన వెళ్ళి మీరా మొహిద్దీన్ పుస్తకాల షాపు ముందు నిలబడ్డాను.

"రండమ్మా. వ్రతకథలు లోపలి బీరువాలో ఉన్నాయండి" అన్నాడు.

"వ్రతకథలు కాదు నాయనా. దయ్యాల కథలు కావాలి."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరికండి?"

"మా చెల్లెలికి. రేపల్లెలో పుస్తకాలు అద్దెకిస్తుంది."

"ఎలాంటి దయ్యాలు కావాలండి?"

"మంచివి."

"మంచివంటే భయపెట్టనివాండి, బాగా భయపెట్టేవాండి?"

ఆ సంగతి నేను ఆలోచించుకుని వెళ్ళలేదు. ఇంతలో పూజారిగారి భార్య అటుగా వచ్చి ఆగింది. "ఏం కొంటున్నారు?" అంది. మీరా మొహిద్దీన్ మర్యాదస్తుడు. "అమ్మగారు దారి అడుగుతున్నారండి" అన్నాడు. నేను తెనాలికి కాపురానికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

మూడు పుస్తకాలు కొన్నాను. తెలియని వస్తువు ఒకరింటికి పంపకూడదు కనుక మూడూ చదివాను. నిన్నంతా అదే పని. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నీ దగ్గరికి వచ్చేవాళ్ళలో గుండె నిబ్బరం లేనివాళ్ళుంటారు, కడుపుతో ఉన్నవాళ్ళుంటారు. వాళ్ళ క్షేమం కోరి ఒక చిన్న ఏర్పాటు చేశాను. పుస్తకం తెరిస్తే నీకే తెలుస్తుంది. రేపటి రేపల్లె బండిలో మనకు తెలిసిన తమలపాకుల వ్యాపారి వస్తున్నాడు. అతనికిచ్చి పంపుతాను.

తమ్ముడు జనార్దనరావు బాపట్ల నుంచి మళ్ళీ రాశాడు. మీ ఆయన వెంకట్రామయ్యగారు పోయాక నువ్వు ఒంటరిగా ఉండడం వాడికి ఇష్టం లేదు. ముందుగదిలో ఈ పుస్తకాల కొట్టు ఎలా నడుస్తుందో దసరా దాకా చూస్తాడట. నిలదొక్కుకోకపోతే ఇల్లు అద్దెకిచ్చి నిన్ను తమ ఇంటికి తీసుకుపోతాడట. నాన్నగారు ఆ ఇల్లు వాడికి రాశారు. నేను అనేదేమీ లేదు. నీ ప్రయత్నం నువ్వు చెయ్యి.

దీవెనలతో,
అక్క సుబ్బాయమ్మ


రేపల్లె,
22-6-1967

అక్కయ్యకు,

కుశల ప్రశ్నలు ఉత్తరం చివర అడుగుతాను. ముందు ఇది చెప్పు. నా మీద నీకు కోపమేమైనా ఉందా?

నీ పుస్తకాలు వచ్చిన సాయంత్రమే మూడూ అద్దెకు పోయాయి. కట్ట విప్పుతుంటేనే జనం చేతుల్లోంచి లాక్కున్నారు. కుటుంబ కథల నవలలు అలమారలో బూజు పడుతుంటే, దయ్యం అన్న మాట వినబడేసరికి వీధి వీధంతా కదిలి వచ్చింది. నా కష్టం గట్టెక్కిందనుకుని ఆ పూట పాయసం కూడా వండుకున్నాను. తెల్లారేసరికి మూడూ తిరిగొచ్చాయి.

మొదట వచ్చినవాడు రంగనాయకులు మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనాయన. నా దగ్గర పుస్తకాలు తీసుకునేవాళ్ళలో మొదటివాడు, గొణిగేవాళ్ళలోనూ మొదటివాడే. పుస్తకం బల్ల మీద పెట్టి, "ఏమ్మా, ఈ సుబ్బాయమ్మ ఎవరు?" అన్నాడు.

"మా అక్కయ్యండి. తెనాలిలో ఉంటారు."

"ఆవిడకి నేనేం అపకారం చేశాను?"

తెరిచి చూపించాడు. 'నిమ్మతోట బంగళా' మొదటి పేజీలో గుండ్రటి నీ అక్షరాలు: 'శ్రీరామ. చదువరులు గాభరా పడవద్దు. తెల్లచీర కట్టుకుని తిరిగేది దయ్యం కాదు. ఎస్టేటు గుమాస్తా. — సుబ్బాయమ్మ.'

మిగతా రెండూ చూశాను. వాటిలోనూ రాశావు. ఒకదానిలో మేనల్లుడు, ఇంకోదానిలో వంటవాడు.

అక్కయ్యా, భయపడడానికే కదా వాళ్ళు డబ్బిచ్చేది. నువ్వు ముందే భయం తీసేస్తే నేను అద్దెకిచ్చేది దేన్ని? కాయితాన్నా? ఆ పేజీలు చింపుదామంటే వెనకవైపు కథ మొదలైపోయింది.

ఇంకొక సంగతి. నీ రాత వదిలేసినా ఆ పుస్తకాలు మంచివి కావు. నూటయాభై పేజీలు దయ్యం దయ్యం అని ఊరించి చివరికి గుమాస్తా అంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. రేపల్లెలో గుమాస్తాలకేం కొదవ లేదు, డబ్బులిచ్చి చదవక్కర్లేదు. నాకు కావలసింది చివరిదాకా దయ్యంగానే ఉండే దయ్యం. దాని సంగతి ఏంటో చదివేవాడికి చిట్టచివరికి గాని తెలియకూడదు. ఇక్కడ దొరకవు. తెనాలిలో అచ్చాఫీసులు వీధికొకటి ఉన్నాయి కదా, వెతికి పంపు. ఏమీ రాయకుండా పంపు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారికి నమస్కారాలు.

శకుంతల


తెనాలి,
26-6-1967
(పోస్టుకార్డు)

చిరంజీవి శకుంతలకు,

నీ ఉత్తరం చదివి నొచ్చుకున్నాను. ఇకమీద మొదటి పేజీలో ఏమీ రాయను.

మీరా మొహిద్దీన్‌ను గట్టిగా అడిగాను. గుమాస్తాలు వద్దన్నాను. "అచ్చమైన దయ్యాలేనండి, నాదీ పూచీ" అన్నాడు. మూడు పంపుతున్నాను. చదివాను. ఒకదానిలో దయ్యం మూడో పేజీలోనే వచ్చేసింది. తొందరెక్కువ. తలుపు తట్టని చుట్టం లాంటిది, ఎవరూ విలువ ఇవ్వరు. తక్కిన రెండూ ఫరవాలేదు.

మోకాలు అలాగే ఉంది.

అక్క


రేపల్లె,
9-7-1967

అక్కయ్యకు,

మొదటి పేజీలో రాయనన్నావు. రాయలేదు. నువ్వు మాట తప్పే మనిషివి కావు. అదే నా ప్రారబ్ధం.

పుస్తకంలో దయ్యం ఎక్కడెక్కడ వస్తుందో అక్కడల్లా అంచున ఎర్ర సిరాతో 'శ్రీరామ' అని రాశావు. నేను చూసుకోకుండా అద్దెకిచ్చేశాను. ఇప్పుడు మా వీధిలో పుస్తకం చదివే పద్ధతే మారిపోయింది. రంగనాయకులు మాస్టారు గడపలో నిలబడి పేజీలు టపటపా తిరగేసి, ఎరుపు కనబడ్డ చోటల్లా చదివి, "అయిపోయిందమ్మా" అని తిరిగిచ్చేస్తున్నాడు. అద్దె అడిగితే, "నిలబడి చదివినదానికి అద్దె ఏంటమ్మా? కుర్చీ కూడా వెయ్యలేదు నువ్వు" అంటున్నాడు.

హుస్సేన్ బీ సంగతి నీకు చెప్పాను కదా, పక్కవీధిలో జాకెట్లు కుడుతుంది. మిషను మీద పుస్తకం తెరిచిపెట్టుకుని తొక్కుతూ చదువుతుంది. ఆవిడ నవ్వి నవ్వి వచ్చింది. "అక్కా, మీ రాముడు కనబడ్డాడంటే వెనకాలే దయ్యం ఉందన్నమాట. పాపం, పుస్తకం మొత్తం ఆయన పరిగెత్తడమే సరిపోయింది" అంది.

పైగా దయ్యం లేని చోట కూడా రాశావు. 'పదమూడో నంబరు పెట్టె'లో ఒకచోట రైలు కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంది. అంతే. గాలి. దాని పక్కన వరసగా నాలుగు శ్రీరామలు. అక్కడ ఏదో ఘోరం జరగబోతోందని హుస్సేన్ బీ సూది కూడా ఆపేసి ఎదురుచూసిందట. ఏమీ జరగలేదు. వాళ్ళు నన్నడుగుతున్నారు, నేనేం చెప్పను? మా అక్కయ్య గాలికి కూడా భయపడుతుందని చెప్పనా?

నాలుగు ఊళ్ళు తిరిగి అరువు తెచ్చిన అలమారలు, గోడకి కొట్టించిన మేకులు, రంగులేయించిన బోర్డు, అన్నీ చూస్తుంటే నాకే నవ్వొస్తోంది. విసుగెత్తిపోయింది అక్కయ్యా. ఇంతకంటే కొట్టు మూసేసి బాపట్ల వెళ్ళి, వదిన చెప్పిన పప్పు రుబ్బుకుంటూ కూర్చోవడం నయం.

శకుంతల


తెనాలి,
14-7-1967
(పోస్టుకార్డు)

చిరంజీవి శకుంతలకు,

శ్రీరామ రాయకుండా ఆ పుస్తకాలు చదవడం నా వల్ల కాదు. పెన్సిలుతో రాసుకుని, పంపేముందు చెరిపేస్తాను. గాలి విషయం ఒప్పుకుంటాను.

నువ్వు బాపట్ల వెళ్ళడం నయమని రాశావు. చదివి కాసేపు దేవుడి దగ్గర కూర్చున్నాను. నీకు ఏది మనశ్శాంతి అయితే అదే మంచిది. తమ్ముడికి ఈ పూటే కార్డు రాశాను. దసరా దాకా ఆగనక్కర్లేదని, నువ్వే సిద్ధంగా ఉన్నావని. వాడు సంతోషిస్తాడు.

అక్క


రేపల్లె,
2-8-1967

అక్కయ్యకు,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. మూడుసార్లు చింపేశాను. చింపినవి నీకు పంపదగ్గవి కావు.

నిన్న పొద్దున నేను ముందుగదిలో పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. మాస్టారు బెంచీ మీద కూర్చుని చదువుతున్నాడు. కుర్చీ వెయ్యలేదని దెప్పాడని బెంచీ వేయించాను, ఇప్పుడిక లేవడు. ఇంతలో జనార్దనరావు అన్నయ్య రిక్షా దిగాడు. వెనకాలే విత్తనాల వ్యాపారం చేసే హనుమయ్య, చేతిలో కొలత టేపు.

"నువ్వు కానియ్యమ్మా. మేం కొలుచుకుని పోతాం" అన్నాడు అన్నయ్య.

"ఏం కొలుస్తారన్నయ్యా?"

"గదులు."

"ఎందుకు?"

"అదేంటి? నువ్వే వస్తానన్నావుగా. అక్కయ్య రాసింది. శ్రావణంలో మంచిరోజు చూసి తీసుకుపోతాను. ఇల్లు హనుమయ్యకిస్తానని మాట కూడా ఇచ్చేశాను."

నేను నోరు తెరిచేలోపల హనుమయ్య అలమార వెనక దూరి టేపు పట్టుకుని, "ఈ చెక్కలు ఉంచుతారాండి, తీసేస్తారాండి? వేరుశనగ బస్తాలకి అడ్డం" అన్నాడు.

మాస్టారు తలెత్తలేదు. "హనుమయ్యా, కథ సగంలో ఉంది. నీ బస్తాలు కాసేపు ఆగలేవా?" అన్నాడు. ఆ గదిలో నా పక్షాన మాట్లాడినవాడు ఆయనొక్కడే. అదీ కథ కోసం.

అన్నయ్య మొహంలో ఎంత సంతోషమో అక్కయ్యా. నాకోసం పెరటివైపు గది సున్నం వేయిస్తున్నాడట. ఆ మొహం చూసి రానని అనలేకపోయాను. మజ్జిగ ఇచ్చి పంపేశాను.

విసుగుతో ఒక మాట అంటే అదే నిర్ణయమనుకుంటావా? ఇంట్లో బావగారు "ఈ ఎండకి చచ్చిపోతున్నా" అంటే నువ్వు పాడె కట్టిస్తావా? నలభై రెండేళ్ళుగా నన్నెరుగుదువు. నేను అన్నవన్నీ చేసి ఉంటే ఈపాటికి రెండుసార్లు సన్యాసుల్లో కలిసి, ఒకసారి నూతిలో పడి ఉండాలి.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. ఆయన పోయిన తర్వాత ఈ గడప తొక్కినవాళ్ళంతా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. "తిన్నావా అమ్మా" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. రెండేళ్ళు అలాగే గడిచాయి. ఈ పుస్తకాలు పెట్టాక కదా జనం నాతో మళ్ళీ మామూలు గొంతుతో మాట్లాడడం మొదలెట్టారు. మాస్టారు నాతో పోట్లాడతాడు. హుస్సేన్ బీ నన్ను ఎగతాళి చేస్తుంది. పుస్తకం బాగోలేదని మొహం మీద చెప్పి పోతారు. అదెంత హాయిగా ఉందో నీకు తెలియదు. బాపట్లలో అన్నయ్యగాని, వదినగాని నన్ను పల్లెత్తు మాట అనరు. నాకు భయం అదే. మళ్ళీ అందరూ గొంతు తగ్గిస్తారు.

ఇక నువ్వు పుస్తకాలు పంపొద్దు. ప్రార్థనలు కూడా కొద్దిగా తగ్గించు. అవి నాకు అచ్చిరావడం లేదు.

శకుంతల


తెనాలి,
6-8-1967

చిరంజీవి శకుంతలకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు రాసిన మాట నేను నమ్మాను. నమ్మకుండా ఉండడం ఇప్పుడు నేర్చుకోవాలి. కష్టమే కాని నేర్చుకుంటాను. నీకు కలిగిన కష్టానికి మాత్రం నేనే కారణం. దాన్ని సరిచేసే బాధ్యతా నాదే.

మీ బావగారితో చెప్పాను. ఆయన వక్కపొడి నములుతూ, "మీ ఇంట్లో ఒకళ్ళు అనుకున్నది రాయరు, ఇంకొకళ్ళు రాసింది తప్ప ఏమీ అనుకోరు. మీ మధ్య పోస్టుమాన్ ఎలా బతుకుతున్నాడో" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

పుస్తకాలు పంపొద్దన్నావు. నీ ఉత్తరం రాకముందే ఒకటి కొన్నాను. పేరు 'లాకుల దగ్గర ముసలమ్మ'. అదొక్కటీ పంపుతున్నాను. ఇష్టమైతే ఉంచు, లేకపోతే తిరిగి పంపు.

ఇందులో దయ్యం ఎవరి పీకా పిసకదు. కాలువ లాకుల దగ్గర, రాత్రి పడవలు ఆగే చోట ఒక ముసలావిడ నిలబడి, "నన్నెక్కడ దింపుతారు నాయనా?" అని అడుగుతుంది. పడవవాళ్ళు చూస్తే ఎవరూ ఉండరు. తాడు విప్పి కదిలించబోతే పడవ బరువెక్కి ఉంటుంది. అంతే. ఆ బరువు గురించి రాసిన పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. పొయ్యి మీద పప్పు మాడింది. మీ బావగారు మాడిన పప్పు తిని ఏమీ అనలేదు. నా మొహం చూసి భయపడ్డారనుకుంటాను. పెన్సిలు చేతిలోనే ఉంది. పుస్తకం మూసాక చూసుకుంటే ఎక్కడా శ్రీరామ రాయలేదు. మరిచిపోయాను. ఇది నాకు ఎప్పుడూ జరగలేదు.

ఇన్ని చదివాక నాకు ఒకటి తోచింది. అరిచే దయ్యాలు, గొలుసులు ఈడ్చే దయ్యాలు అక్కరకు రావు. న్యాయమైన ఫిర్యాదు ఉన్న దయ్యమే మంచి దయ్యం. పుస్తకం కొనేముందు ఇకమీద అదే అడుగుదామనుకున్నాను. మీరా మొహిద్దీన్‌తో అన్నాను కూడా. "అయితే మీకు కథలు కాదమ్మా, కోర్టు కాయితాలు కావాలండి" అన్నాడు.

నేను వచ్చే ఆదివారం తర్వాతి ఆదివారం బాపట్ల వెళుతున్నాను. తమ్ముడితో మాట్లాడతాను. ఈసారి నీ మనసులోది నేను ఊహించను. నీకేం కావాలో ఒక్క వాక్యంలో రాయి. ఉపమానాలు వద్దు. నూతిలో పడడాలు వద్దు.

అక్క


రేపల్లె,
11-8-1967

అక్కయ్యకు,

నేను ఈ ఇంట్లోనే ఉంటాను.

ఒక్క వాక్యం అన్నావు కనుక పైన అది ఒక్కటే రాశాను. ఆ కాయితం వరకు చించి అన్నయ్యకి చూపించుకో. కింద రాసేది నీకు.

ముసలమ్మ పుస్తకం తిప్పి పంపుదామనే అనుకున్నాను. పంతం. కట్ట విప్పాక నాలుగు పేజీలు చూద్దామని నిలబడ్డాను. నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే సగం చదివేశాను. మాస్టారు వచ్చి దగ్గితే గాని తెలియలేదు. నేను పూర్తి చేయకుండా ఇవ్వనన్నాను. "ఇదేం కొట్టమ్మా? యజమాని చదివాక మిగిలింది మాకా?" అని ఎగిరాడు. ఎగరనీ అని ఊరుకున్నాను.

మర్నాడు ఆయనకిచ్చాను. అలవాటుగా ఎర్ర అక్షరాల కోసం పేజీలు తిరగేశాడు. లేవు. మొహం వాడిపోయింది. "ఎక్కడ వస్తుందో తెలియకుండా ఎలా చదవడం?" అన్నాడు. మొదటినుంచీ చదవమన్నాను. ఇంటికి పట్టుకెళ్ళి, చదివి, మర్యాదగా అద్దె ఇచ్చాడు. ఇచ్చి అక్కడే నిలబడి, "మీ అక్కగారు ఇలాంటివి ఇంకా పంపుతారా?" అన్నాడు. ఆయన నోటంట 'గారు' అన్న మాట నేను వినడం అదే మొదలు. హుస్సేన్ బీకి మాత్రం అనుమానం తీరలేదు. "ఇందులో మీ అక్క దేవుణ్ణి పిలవలేదేంటి? అంత భయమేసిందా?" అంది.

ఆ పుస్తకం కోసం ఇప్పుడు జనం వంతులు వేసుకుంటున్నారు. పేజీలన్నీ మాడు వాసన. కథకి అదీ సరిపోయిందంటున్నారు.

ఇలాంటివి వెతకడం ఇంత ఆలస్యంగానా నీకు తెలియడం? ఇల్లు ఖాళీ చేయించే ముందే తెలియకూడదా? నాకింకా కోపం పోలేదు. అయినా మోకాలు జాగ్రత్త. బాపట్ల స్టేషన్లో మెట్లెక్కి దిగకు, అన్నయ్యని ఎదురు రమ్మని రాయి.

శకుంతల


బాపట్ల,
20-8-1967

చిరంజీవి శకుంతలకు,

పొద్దున బండికి వచ్చాను. తమ్ముడు స్టేషనుకు వచ్చాడు. ఇంటికి తీసుకొచ్చి ముందుగా సున్నం వేసిన పెరటి గది చూపించాడు. కిటికీకి కొత్త రెక్కలు కూడా పెట్టించాడు. అది చూశాక మాట మొదలుపెట్టడం నాకు కష్టమైంది. భోజనాలయ్యేదాకా ఊరుకున్నాను.

వాడు నిద్రలేచి వరండాలో కూర్చున్నాక నీ కాయితం చేతికిచ్చాను. చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"ఇదేంటక్కయ్యా? అది వస్తానందని నువ్వే కదా రాసింది?"

"రాశాను. అది విసుగుతో అన్నమాట. నేను నిజమనుకున్నాను."

"మరి నేనేం తప్పు చేశాను? నీ కార్డు చూసే హనుమయ్యకి మాటిచ్చాను."

"నీ తప్పు లేదు. తప్పు నాదీ, దానిదీ. శిక్ష దానికొక్కదానికే పడుతోంది."

వాడికి కోపం వచ్చింది. రావలసిందే. అంతా చెప్పనిచ్చాను. ఒంటరి ఆడది, పదిమందీ వచ్చిపోయే గది, రేపు దానికి జ్వరం వస్తే ఎవరు చూస్తారు, అన్న బతికుండి ఏం చేశాడంటారు. ఇవన్నీ వాడు మనసులో పెట్టుకుని తిరుగుతున్న మాటలే. తర్వాత బోర్డు సంగతి ఎత్తాడు.

"'దయ్యాలు, డిటెక్టివులు అద్దెకు ఇవ్వబడును' అట. చూశావా నువ్వు? మా ఆఫీసులో ఒకాయన రేపల్లె పెళ్ళికెళ్ళొచ్చి అందరి ముందూ అడిగాడు, మీ చెల్లెలుగారి దగ్గర రెండు దయ్యాలు చవగ్గా ఇప్పిస్తారా అని. నేను ఆ పూట టిఫిన్ బాక్సు కూడా తెరవలేదు."

నువ్వు బోర్డు మీద ఇలా రాయించావని నాకు చెప్పలేదు.

మీ వదిన వసుంధర అప్పటిదాకా గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటోంది. అప్పుడు నోరు విప్పింది.

"నాకు సాయం కావాలి వదినగారూ, అబద్ధమెందుకు. పిల్లలతో, ఈయన వేళలతో సతమతమైపోతున్నాను. శకుంతల వస్తే ఆసరా అనుకున్న మాట నిజం. కాని మీరే చెప్పండి, పుస్తకం చేతిలో ఉంటే పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా చూడదు ఆవిడ. పోయినసారి వచ్చినప్పుడు పిల్లదాన్ని చూస్తూండమంటే, అది నీళ్ళబిందె దొర్లించుకున్నా ఈవిడ పేజీ తిప్పింది. ఏమైనా అందామంటే మొహం చూసి అనలేను. అనకుండా ఎన్నేళ్ళుంటాను?"

"నువ్వెప్పుడూ ఈ మాట చెప్పలేదే" అన్నాడు తమ్ముడు.

"మీరు గదికి సున్నం వేయించే సంబరంలో ఉన్నారు. ఎవరు చెబుతారు?"

వాడు నా వైపు చూశాడు. నీ మంచికోసం పడ్డ కష్టం ఇలా తేలిందేమిటన్నట్టు చూశాడు. నాకు జాలేసింది. "ఒకసారి దాన్ని అడిగి ఉంటే నీకు సున్నం ఖర్చు తప్పేది. నేనూ అడగలేదు" అన్నాను. వాడు లేచి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. మేము చిక్కుడుకాయలు ఒలవడం పూర్తి చేశాము. దయ్యాలను వెతకడమే తేలిక శకుంతలా. అవి అడిగింది ఇస్తే పోతాయి. ఇంట్లో మనుషులు ఏం అడుగుతున్నారో కనుక్కోవడానికే నాకు ఈ పూటంతా పట్టింది.

దీపాలు పెట్టే వేళకు ముగ్గురం కూర్చుని అనుకున్నది ఇది.

ఇల్లు మొత్తం హనుమయ్యకు ఇవ్వడం లేదు. వెనకభాగం వరకు అతనికిస్తాడు. పక్కసందులోంచి అతనికి వేరే తలుపు పెట్టించుకోవాలి. ముందుగది, నడవ, వంటిల్లు, నుయ్యి నీవి. బస్తాల దుమ్ము కొంత ఓర్చుకోవాలి. మాట తప్పానని హనుమయ్య అనకుండా ఉండడానికి తమ్ముడికి ఇంతకన్నా దారి కనబడలేదు. ఆ వచ్చే అద్దెతో వసుంధర పనికి మనిషిని పెట్టుకుంటుంది. తమ్ముడు నెలకొకసారి వచ్చి నిన్ను చూసిపోతాడు. అది నీకు విసుగైనా సరే, దాన్ని వాడు వదులుకోడు. బోర్డు మార్పించమని పట్టుబట్టాడు. ఆ ఒక్క విషయంలో నేను వాడి పక్షమే ఉన్నాను కాని, అదీ నీ ఇష్టానికే వదిలించాను.

ఇంతవరకు వచ్చాక తమ్ముడు కాయితం కలం తీసుకుని హనుమయ్యకు రాయబోయాడు. నేను కలం మీద చెయ్యి పెట్టాను. ఇది మేము ముగ్గురం అనుకున్నది, నువ్వు అనుకున్నది కాదు. వసుంధర అవునంది. తమ్ముడు చాలాసేపు మీసం దువ్వుకుని కలం మూసేశాడు. ఇందులో నీకు ఏది వద్దో, ఏది కావాలో విడమరిచి రాయి. కోపం తగ్గాక రాయి, ఆలస్యమైనా ఫరవాలేదు. నీ జవాబు అందేదాకా హనుమయ్యకు కబురు పంపకూడదనీ, ఈ ఇంట్లో నీ గురించి ఇక ఎవరూ ఏ మాటా తేల్చకూడదనీ ఈ సాయంత్రం నిర్ణయించుకున్నాము.

అక్క సుబ్బాయమ్మ